బొమ్మకో స్టాండు... ఇంట్లో మీకో మూల!

మన ఊళ్లల్లో బొమ్మలు వేసే ఆడవాళ్లకి కొదవేం లేదు. పెళ్లికి ముందు డ్రాయింగులో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్లు, సెలవుల్లో గ్లాస్ పెయింటింగో ఫ్యాబ్రిక్ పెయింటింగో నేర్చుకున్నవాళ్లు, ఎవరూ నేర్పకపోయినా చూసింది చూసినట్టు దించేసేవాళ్లు... వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కానీ వాళ్లు బొమ్మ ఎక్కడ కూర్చుని వేస్తారో ఎప్పుడైనా గమనించారా? మంచం మీద బోర్లా పడుకునో, వంటింటి గట్టు మీద గిన్నెలు పక్కకి జరిపో, హాల్లో చాప పరచుకునో! సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి రంగులూ, కుంచెలూ, తడి ఆరని బొమ్మా అన్నీ ఎత్తి మంచం కిందికి తోసెయ్యాల్సిందే. మళ్లీ బయటికి తీసేది ఏ నెలకో. ఈలోగా ట్యూబులో రంగు గడ్డకడుతుంది, బొమ్మ మీద మనసూ విరిగిపోతుంది.

రాయదుర్గం జీన్స్ ప్యాంట్ల కుట్టుపనికి పేరున్న ఊరు. ఇక్కడ ఎన్నో ఇళ్లల్లో కుట్టు మిషను హాల్లోనే ఉంటుంది. చుట్టాలొచ్చినా, పండగొచ్చినా దాన్ని అక్కణ్ణించి కదిలించమని ఎవరూ అనరు. అది అన్నం పెట్టే వస్తువు కదా! బొమ్మలు వేసే ఆవిడ సామానుకి మాత్రం ఇంట్లో చోటుండదు. ఆ చోటు సంపాదించిపెట్టే వస్తువే ఈజిల్. మన మాటల్లో చెప్పుకోవాలంటే బొమ్మ స్టాండు.

అది ఎలాంటిది కొనాలి, ఎంతలో కొనాలి, కొనకుండా చేయించుకోవచ్చా అన్నది చూద్దాం. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో రోజూ మడిచి దాచక్కర్లేకుండా, తెరిచి ఉంచగలిగే స్టాండే మీకు మంచి స్టాండు. ధర, కర్ర, సైజు ఇవన్నీ ఆ తర్వాతి లెక్కలు.

నేల మీద వేస్తే తప్పేంటి?

తప్పేం లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బట్టని ముందు పరుచుకుని, కింద కూర్చునే కలంతో గీస్తారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు కూడా కింద కూర్చునే రంగులద్దుతారు. నీళ్లలా పల్చగా ఉండే రంగుకి నేలే నయం. నిలబెడితే కారిపోతుంది.

అయితే ముగ్గుకీ పటానికీ ఒక తేడా ఉంది. ముగ్గు నేల మీద వేస్తాం, నేల మీదే చూస్తాం. పటం నేల మీద వేసి, గోడకి తగిలించి చూస్తాం. కింద పరిచిన కాగితాన్ని ఏటవాలుగా చూస్తున్నప్పుడు మనకి దూరంగా ఉన్న పైభాగం కుంచించుకుపోయినట్టు కనబడుతుంది. దాన్ని సరిచేద్దామని చెయ్యి తనంతట తానే పైభాగాన్ని సాగదీస్తుంది. తీరా గోడకి తగిలించాక చూస్తే అమ్మవారి తల పెద్దది, పాదాలు చిన్నవి! ‘నాకు బొమ్మలు సరిగా రావు’ అనుకుని మానేసినవాళ్లలో కొందరికి రానిది బొమ్మ కాదు, వాళ్లకి లేనిది స్టాండు.

రెండోది ఒళ్లు. బియ్యం ఏరడం, అంట్లు తోమడం, ఇల్లు తుడవడం... పొద్దుణ్ణించి వంగే పనులే. తీరిక వేళ కూడా మెడ వంచుకునే కూర్చుంటే ముప్పై అయిదు దాటిన నడుము ఊరుకుంటుందా?

మూడోది దూరం. నిలబెట్టిన బొమ్మని ఆరడుగులు వెనక్కి జరిగి చూడొచ్చు. వంటింటి గుమ్మంలో నిలబడి పప్పు కలుపుతూ కూడా చూడొచ్చు. ‘ఆ కొండ నీడ తప్పు పక్కన పడింది’ అని అప్పుడే తెలుస్తుంది. మంచం కింద ఉన్న బొమ్మ మనకేం చెబుతుంది?

పేరు గాడిదది!

ఈజిల్ అన్న మాట డచ్చి భాషలోది. అక్కడ ‘ఎజెల్’ అంటే గాడిద. నోరెత్తకుండా బరువు మోస్తుంది కనక ఆ పేరు పెట్టారు. నూనె రంగులతో పటాలు వేసే పద్ధతితో పాటు ఈ స్టాండూ మన దేశానికి వచ్చింది. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. స్కూల్లో చిత్రకళ చదువుకుని వచ్చిన కాలంలో ఆయన ఒక్కడే కాదు, భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. ఇంటి ఆడవాళ్లు కుంచె పట్టడం తెలుగునాట నిన్నా మొన్నా మొదలైంది కాదు. నూరేళ్ల నాటి మాట.

అసలు స్టాండనేది మనకి తెలియనిదీ కాదు. భారత భాగవతాలు చదువుకోవడానికి పెద్దవాళ్లు వాడిన వ్యాసపీఠం ఏమిటి? పుస్తకాన్ని కళ్లకెదురుగా, చేతులకి బరువు లేకుండా నిలబెట్టేదే కదా! పాత బళ్లల్లో నల్లబల్లని మోసిన మూడు కాళ్ల కర్ర స్టాండు ఏమిటి? అది అచ్చంగా ఈజిలే. ఆ రెండూ గుర్తుపెట్టుకోండి. చౌకగా చేయించుకునే వాళ్లకి మళ్లీ పనికొస్తాయి.

ముందు చోటు, తర్వాతే స్టాండు

కొట్టుకి వెళ్లే ముందు ఇంట్లో ఒక చిన్న పని చేయండి. బట్టలు కొలిచే టేపు తీసుకుని మీకు దొరకగల మూల కొలవండి. మూడు కాళ్ల నిలువు స్టాండు తెరిస్తే సుమారు రెండున్నర అడుగుల నలుచదరం ఆక్రమిస్తుంది. దాని ముందు మీరు కూర్చోవడానికో, నిలబడడానికో ఇంకో మూడడుగులు కావాలి. ఇంత చోటు లేని ఇంట్లో నిలువు స్టాండు కొంటే ఏమవుతుంది? ‘కాళ్లకి అడ్డం’ అని వారం రోజుల్లో మడిచి తలుపు వెనక నిలబెడతారు. అక్కణ్ణించి అటక మీదికి. ఆ తర్వాత దాన్ని చూసేది దసరా దుమ్ములప్పుడే!

చోటు లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. అడుగు వెడల్పున్న కిటికీ గట్టు, వాడకుండా మూసి ఉన్న కుట్టు మిషను బల్ల, ఇనప్పెట్టె మీది జాగా... బల్ల మీద పెట్టే చిన్న స్టాండుకి ఇవి చాలు. ఎప్పుడూ తెరిచి ఉండే చిన్న స్టాండు, ఎప్పుడూ మడిచి ఉండే పెద్ద స్టాండు కంటే ఎన్నో రెట్లు మేలు.

చోటు చూసేటప్పుడు వెలుతురు కూడా చూసుకోండి. కుడిచేత్తో వేసేవాళ్లకి ఎడమ పక్క నుంచి వెలుగు రావాలి. లేకపోతే మీ చేతి నీడే బొమ్మ మీద పడుతుంది. ఎండ నేరుగా బొమ్మ మీద పడే చోటు వద్దు.

ఏ రకం ఎవరికి?

బల్ల మీది స్టాండు: నీటి రంగులకీ, పెన్సిలు పనికీ, చిన్న కాన్వాసులకీ ఇదే తగినది. 16 అంగుళాలకి 20 అంగుళాల బొమ్మ వరకూ మోస్తుంది. దాదాపు పడుకోబెట్టేలా వాల్చే వీలున్నదాన్నే ఎంచుకోండి. నీటి రంగుకి కొద్దిపాటి వాలు చాలు. ఇవాళ్టి ధరల్లో సుమారు 400 నుంచి 1000 రూపాయల మధ్య దొరుకుతాయి.

మూడు కాళ్ల నిలువు స్టాండు: నూనె రంగులకీ, అక్రిలిక్ రంగులకీ బాగుంటుంది. తేలిక, చవక. రెండు, రెండున్నర అడుగుల బొమ్మ దాకా నమ్మొచ్చు. సుమారు 1000 నుంచి 2500 లోపు వస్తుంది. మూడు కాళ్లు చూసి ఇదేం నిలబడుతుందని భయపడకండి. నాలుగు కాళ్లది ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది కానీ, మూడు కాళ్లది ఊగదు. తాడిపత్రి బండలు పరిచిన మన పాత ఇళ్లల్లో ఏ రెండు బండలూ ఒక్క మట్టంలో ఉండవు కదా, మూడు కాళ్లదే మేలు.

బరువు చట్రం స్టాండు: ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. కదలదు, పెద్ద బొమ్మలు మోస్తుంది. ధర అయిదారు వేల నుంచి మొదలై ఎంతైనా పోతుంది. బొమ్మలు అమ్ముకునేవాళ్లకి, విడిగా గది ఉన్నవాళ్లకి సరే. మొదటి స్టాండుగా వద్దు.

పెట్టె స్టాండు: రంగులు పెట్టుకునే పెట్టెకే కాళ్లు ఉంటాయి. కోట మీదికో, చెరువు గట్టుకో వెళ్లి బొమ్మ వేసేవాళ్ల కోసం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ధరా ఎక్కువే, మరలూ ఎక్కువే.

ఇక పెళ్లిళ్లలో ‘స్వాగతం’ బోర్డు పెట్టే ఇనప స్టాండు ఒకటుంది. చౌకగా వస్తుందని కొందరు దాన్నే కొంటారు. అది బొమ్మ చూపించడానికే గానీ వేయడానికి కాదు. పైన పట్టు ఉండదు. కుంచె ఒత్తితే కాన్వాసు వెనక్కి ఎగురుతుంది.

కొట్టులో ఇలా చూడండి

పెద్ద స్టేషనరీ దుకాణాల్లో అడిగితే ఒకటో రెండో రకాలు ఉండొచ్చు. రాయదుర్గం వాళ్లకి బళ్లారి దగ్గర, అనంతపురం కొంచెం దూరం. రకరకాలు చూసి కొనాలంటే బెంగుళూరు వెళ్లినప్పుడు చూసుకోవాలి. ఎక్కడైనా సరే ఈ నాలుగు పరీక్షలు చేయండి.

ఒకటి: స్టాండు తెరిపించి, పై కొనని వేలితో తోయండి. కొంచెం కదిలి ఆగితే ఫరవాలేదు. అటూ ఇటూ ఊగుతూనే ఉంటే వదిలేయండి. రెండు: మరల చెవులు ఇనుమువా, ప్లాస్టిక్‌వా చూడండి. బిగించి వదులుతూ ఉండే చోట ప్లాస్టిక్ ముందు అరిగిపోతుంది. మూడు: కాళ్లలో కణుపులున్నాయా చూడండి. సన్నటి కర్రలో కణుపున్న చోటే విరుగుతుంది. నాలుగు: మీరు మామూలుగా వేసే సైజు కాన్వాసు ఒకటి చంకన పెట్టుకెళ్లి దాని మీద నిలబెట్టి చూడండి. చీరకి జాకెట్టు గుడ్డ మ్యాచింగ్ చూసుకున్నట్టే! కొట్టువాళ్లు ఏమైనా అనుకుంటారేమోనని మొహమాటపడకండి. డబ్బు మనది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వాళ్లు ఫోటో చూసి మోసపోవద్దు. అరచెయ్యంత బొమ్మ స్టాండు కూడా ఫోటోలో ఆరడుగులదిలా కనిపిస్తుంది. మూడు కొలతలు చదవండి: తెరిచినప్పుడు ఎత్తు ఎంత, ఎంత ఎత్తు కాన్వాసు పడుతుంది, స్టాండు బరువెంత. అయిదడుగుల ఎత్తుండి కిలో కూడా తూగని స్టాండు ఫ్యాను గాలికే కదులుతుంది. తిప్పి పంపే గడువు ఎన్ని రోజులో చూసుకుని, పార్సిలు వచ్చిన రోజే తెరిచి బిగించి చూడండి.

ఆచారి చేత చేయిస్తే...

చిన్న ఊరు వాళ్లకి నా ఓటు దీనికే. మా వీధి చివరి ఆచారికి కాగితం మీద గీసి చూపించి చేయించాను. ‘‘ఏంటికక్కా మూడే కాళ్లు? నాలుగు పెడితే ఇంకా గట్టిగుంటాది కదా’’ అన్నాడు. ‘‘మా ఇంటి బండల మీద నాలుగో కాలు లేస్తాదన్నా. బళ్లో బోర్డు స్టాండు గుర్తులేదా?’’ అన్నాను. ‘‘ఓ, అదా! ముందే ఆ మాట చెప్పుండొచ్చు కదక్కా’’ అని నవ్వి, కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మీరూ అలాగే చెప్పండి, ఇట్టే అర్థమవుతుంది.

కొలతలివీ. ఒకటిన్నర అంగుళం వెడల్పు, అంగుళం మందం ఉన్న కర్రలు మూడు, ఒక్కోటి అయిదున్నర అడుగులు. రెండు ముందు కాళ్లు పైన కలిసి, కింద రెండడుగులు ఎడంగా ఉండాలి. మూడోది వెనక కాలు. పైన బందు వేసి, మడిచే వీలుండాలి. ముందుకాళ్లని కలుపుతూ మధ్యలో ఒక అడ్డకర్ర. బొమ్మ నిలబెట్టడానికి రెండడుగుల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు పలక ఒకటి. అన్నీ కలిపి కర్ర ఇరవై ఒకటి, ఇరవై రెండు అడుగులకి మించదు. వెనక కాలు జారకుండా ముందుకాళ్లకి ఒక సన్నటి గొలుసు తగిలించాలి. పలక ఎత్తు మార్చుకోవడానికి ముందుకాళ్లకి మూడేసి అంగుళాలకొక బెజ్జం వేసి, రెండు కొయ్య మేకులు చేయించాలి. పైన పట్టు కోసం ఒక గట్టి క్లిప్పుని తాడుతో వేలాడదీస్తే సరిపోతుంది.

బెజ్జాలు ఎంత ఎత్తు నుంచి మొదలవ్వాలి? ఇక్కడే చేయించుకోవడంలోని లాభం ఉంది. మీరు బొమ్మ వేసేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా గోడ పక్కన కూర్చోండి. పీట మీదైతే పీట మీద, కుర్చీలోనైతే కుర్చీలో. మీ కంటి ఎత్తున పిల్లల చేత గోడ మీద సుద్దముక్కతో గీత గీయించండి. బొమ్మ నడిమి భాగం ఆ గీతకి రావాలి. కుర్చీలో కూర్చునేవాళ్లకి ఆ గీత నేల నుంచి సుమారు 45 అంగుళాల దగ్గర, పీట మీద కూర్చునేవాళ్లకి 30 అంగుళాల దగ్గర వస్తుంది. కొట్లో స్టాండ్లు చాలావరకు నిలబడేవాళ్ల కోసం, కుర్చీవాళ్ల కోసం చేసినవి. పీట మీద కూర్చుని వేసే మనలాంటివాళ్లకి పలక 16 అంగుళాల దాకా దిగాలి. బెజ్జాలు అక్కణ్ణించి మొదలుపెట్టి 42 అంగుళాల వరకూ వేయించుకుంటే ఎలా కూర్చున్నా సరిపోతుంది.

కర్ర సంగతి. టేకు మంచిదే కానీ ఖరీదు. బాగా ఎండిన వేప అయితే పురుగు పట్టదు, కొంచెం బరువున్నా కుదురుగా నిలబడుతుంది. నీలగిరి కర్ర చవకే కానీ ఆరేకొద్దీ మెలితిరుగుతుంది, వద్దు. అన్నిటికంటే మేలైనది అటక మీద పడున్న పాత మంచం పట్టెలు! ఆరడుగుల పొడవుంటాయి, ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి, ఇక వంకర తిరగవు. వాటిని నిలువునా కోయించి చిత్రిక పట్టిస్తే కర్ర ఖర్చే ఉండదు. కూలీ, బందులు, గొలుసు మాత్రమే. పని ఒప్పుకునే ముందే కూలీ మాట్లాడుకోండి.

అదీ వద్దనుకుంటే ఇంట్లో వ్యాసపీఠం ఉందేమో చూడండి. పరీక్షలు రాసే అట్ట దాని మీద ఆనించి, కాగితానికి క్లిప్పు పెడితే చిన్న బొమ్మలకి అది చాలు. పైసా ఖర్చు లేదు.

మన ఎండకీ గాలికీ...

అనంతపురం జిల్లాలో ఏడాది వానంతా కలిపితే 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. తేమ ఉన్న ఊళ్లో చేసిన కర్ర ఇక్కడికొచ్చాక ఇంకా ఆరి కుంచించుకుపోతుంది, మరలు వదులవుతాయి. పగిలిపోయిందేమోనని కంగారుపడక్కర్లేదు. వేసవిలో నెలకోసారి అన్నీ ఒక చుట్టు బిగించండి. కర్రకి ఏడాదికోసారి వార్నిష్ పూస్తే బీటలు రావు.

గాలి ఇంకో తంటా. కొండల మీద గాలిమరలు తిప్పే గాలి మన జిల్లాది. ఆషాఢంలో మిద్దె మీద స్టాండు పెడితే కాన్వాసు గాలిపటమే అవుతుంది. మూడు కాళ్ల మధ్య ఒక సంచి వేలాడదీసి అందులో నాలుగు రాళ్లు వేయండి, కదలదు. దుమ్ము పడే ఇల్లయితే తడి బొమ్మని పైభాగం కొంచెం ముందుకి వాలేలా నిలబెట్టండి. దుమ్ము రంగు మీద కూర్చోదు. స్టాండు కాళ్ల కింద జారకుండా వేయడానికీ, కుంచెలు తుడుచుకోవడానికీ జీన్స్ ముక్కల్ని మించినవి లేవు. రాయదుర్గంలో వాటికి కరువా!

ఖర్చు లెక్క

బొమ్మల కోసం 3000 రూపాయలు తీయగలిగితే స్టాండుకి వెయ్యికి మించి పెట్టకండి. మిగతాది రంగులకీ, మంచి కుంచెలకీ, కాన్వాసులకీ ఉంచుకోండి. చవక స్టాండు మీద మంచి రంగుతో మంచి బొమ్మ వస్తుంది. ఖరీదైన స్టాండు మీద నాసిరకం రంగు నాసిగానే ఉంటుంది. 500 రూపాయలే ఉన్నాయంటే బల్ల మీది స్టాండు. ఏమీ లేవంటే వ్యాసపీఠం, పరీక్ష అట్ట. ముందు దాంతో పది బొమ్మలు వేయండి. పెద్దది కావాలో అక్కర్లేదో ఆ పది బొమ్మలే చెబుతాయి.

‘వానల్లేని ఊళ్లో, పంటలే పండని ఏళ్లల్లో ఈ సోకు ఎందుకు?’ అని ఇంట్లో ఎవరైనా అనొచ్చు. అననీయండి. పెళ్లికొచ్చే పటాలు, పిల్లల బడికి కావలసిన చార్టులు, రంగులద్దిన చీరలు... ఊళ్లో ఇవన్నీ డబ్బిచ్చి చేయించుకునే వాళ్లున్నారు. రేపు అది నాలుగు రూపాయలు తేవచ్చు. తేకపోయినా ఫరవాలేదు. రోజంతా అందరికీ చేసిపెట్టే మనిషికి, ఎత్తిపెట్టకుండా వదిలి వెళ్లి మళ్లీ వచ్చి కూర్చోగల పని ఒకటి ఇంట్లో ఉండడం తక్కువ సంగతేం కాదు.

అందుకే స్టాండు తెచ్చిన రోజున దాన్ని ఖాళీగా ఉంచకండి. సగం వేసిన బొమ్మ ఒకటి దాని మీద పెట్టండి. ఖాళీ స్టాండు మీద తువ్వాళ్లు ఆరేస్తారు. బొమ్మ ఉన్న స్టాండు జోలికి ఎవరూ రారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ‘ఇది ఎప్పుడు పూర్తవుతుందమ్మా?’ అని అడగడం మొదలుపెడితే, ఆ మూల మీదైపోయినట్టే!